డాబా మీదికి అద్దాల దారి: మూత పెట్టాలా, తలుపు పెట్టాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు 150 గజాల స్థలంలో రెండంతస్తుల ఇల్లు కడుతున్నాం. రెండు పక్కలా ఇళ్లు ఆనుకుని ఉన్నాయి కాబట్టి మెట్ల దగ్గర పగలు కూడా లైటు వేసుకోవాల్సి వచ్చేలా ఉంది. పై స్లాబు మరో నెలలో పోస్తారు. మెట్ల మీద మామూలుగా కట్టే గది మానేసి, డాబా నేలకు దగ్గరగా పెద్ద అద్దం మూత పెట్టించాలని ఉంది. బటన్ నొక్కితే మూత లేస్తుంది, పైకి వెళ్లిపోవచ్చు. మా అమ్మగారికి 68 ఏళ్లు. బట్టలు ఆరేయడానికి రోజూ డాబా ఎక్కుతారు. 12 మి.మీ. టఫెండ్ (వేడి చేసి గట్టిపరిచిన) గ్లాస్ ఒక్కటి వేస్తే చాలని కాంట్రాక్టర్ అంటున్నారు. వేడి, వాన, కోతులు, దొంగలు అన్నీ భయంగానే ఉన్నాయి. ఏం చేయమంటారు?

సమాధానం: స్లాబు పోయకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. ఇప్పుడైతే కాగితం మీద గీత మారిస్తే సరిపోతుంది. తర్వాతైతే కాంక్రీటు కోయాలి.

మా సలహా ముందే చెప్పేస్తాం. మీ ఇంటికి లేచే మూత వద్దు. మెట్ల వాలుకు దాదాపు సమాంతరంగా ఏటవాలు కప్పు, ఎత్తు ఎక్కువున్న వైపు మామూలు తలుపు, ఆ ఏటవాలు కప్పులో కొంత భాగం కదలని అద్దం పెట్టించండి. మీరు కోరుకున్న వెలుతురు వస్తుంది, అమ్మగారు బకెట్ పట్టుకుని నడుచుకుంటూ వెళ్తారు, మోటారు అవసరమే ఉండదు. ఎందుకిలా అంటున్నామో లెక్కతో చూడండి.

మీ అంతస్తు ఎత్తు 10 అడుగులు, స్లాబు మందం 5 అంగుళాలు అనుకుందాం. 7 అంగుళాల ఎత్తు, 10 అంగుళాల వెడల్పు ఉన్న మెట్లైతే 18 వస్తాయి. ఎక్కేటప్పుడు తల స్లాబు అంచుకు తగలకూడదంటే మెట్టు మీద కనీసం 7 అడుగుల ఖాళీ కావాలి. దానికి స్లాబు మందం కలిపితే 89 అంగుళాలు. అంటే డాబా నుంచి కిందికి దాదాపు 13 మెట్ల మేర పైన ఏ అడ్డూ ఉండకూడదు. అది పదిన్నర అడుగుల పొడవు. మెట్ల వెడల్పు మూడుంపావు అడుగులైతే మీ మూత విస్తీర్ణం 34 చదరపు అడుగులు, సుమారు 3.2 చదరపు మీటర్లు. బొమ్మల్లో కనిపించే చిన్న మూతల కింద దాదాపు నిచ్చెనలా నిలువుగా ఉండే మెట్లుంటాయి. వాటిని పెద్దవాళ్లు రోజూ ఎక్కడం కుదరదు. మెట్లు మామూలువే కావాలంటే మూత ఇంత పెద్దది కాక తప్పదు.

ఇక బరువు. గాజు మి.మీ. మందానికి చదరపు మీటరుకు 2.5 కిలోలు తూగుతుంది. కింద చెప్పబోయే సురక్షితమైన కూర్పులో మొత్తం గాజు 16 మి.మీ. వస్తుంది. అంటే చదరపు మీటరుకు 40 కిలోలు. మీ మూతలో అద్దమే 125 కిలోలు దాటుతుంది, అల్యూమినియం ఫ్రేము అదనం. కరెంటు పోయినప్పుడు చేత్తో ఎత్తగలిగే బరువు కాదు. ఇన్వర్టరు ఉన్నా మోటారు చెడిపోయిన రోజు ఏమిటి?

గాలి సంగతి ఇంకా గట్టిది. భవనాల మీద గాలి బలానికి మనం అనుసరించే ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం హైదరాబాద్‌కు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, విజయవాడకు, విశాఖకు 50 మీటర్లు. 44 మీటర్ల గాలి ఒత్తిడి చదరపు మీటరుకు 118 కిలోల దాకా ఉంటుంది. ఎత్తు, పరిసరాలను బట్టి వేసే సవరణ గుణకాలు లెక్కలోకి తీసుకోకముందే మీ మూత మీద 370 కిలోల పైచిలుకు బలమన్నమాట. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలి లేచేసరికి మూత తెరిచి ఉంటే కీళ్ల మీద పడే భారం ఇదే. బట్టలు ఆరేసుకుంటున్న మనిషి ఆ సమయంలో పైనే ఉండొచ్చు కూడా. వాన సెన్సరు పెడితే చినుకు పడగానే మూత తనంతట తానే మూసుకుంటుంది. బయట స్విచ్ లేకపోతే మనిషి వానలో డాబా మీదే ఉండిపోవాలి.

పిల్లల సంగతి అన్నిటికన్నా ముఖ్యం. మూత తెరిచినంతసేపూ డాబా మధ్యలో పదిన్నర అడుగుల పొడవున గొయ్యి ఉంటుంది. సంక్రాంతికి గాలిపటం మీద కళ్లు పెట్టి వెనక్కి నడిచే పిల్లవాడికి అది కనిపించదు. అందుకని మూడు వైపులా మూడున్నర అడుగుల రెయిలింగు తప్పనిసరి. మూసి ఉన్నా దాని మీద నడవనివ్వకూడదు. నడవడానికి పనికొచ్చే గాజు వేరు, మూడు నాలుగు పొరలు అతికించి ఎక్కువ మందంతో చేస్తారు. రెయిలింగు కట్టాక డాబా చదునుగా, శుభ్రంగా కనిపించాలన్న మీ కోరిక ఎలాగూ తీరదు.

ఇప్పుడు మేం చెప్పిన పద్ధతి. మెట్లు మొదలయ్యే వైపు స్లాబు అంచు దగ్గర అడుగు ఎత్తులో మొదలై, డాబాలోకి అడుగుపెట్టే చోట ఏడుంపావు అడుగుల ఎత్తుకు చేరే ఏటవాలు కాంక్రీటు కప్పు. వాలు 30 డిగ్రీలకు అటూ ఇటూగా వస్తుంది. మెట్లతో పాటే కప్పు లేస్తుంది కాబట్టి ఎక్కడా తల తగలదు. పక్కలకు 4 అంగుళాల ఇటుక గోడలు, పై చివర తలుపు. బయటి నుంచి చూస్తే మామూలు మెట్ల గదిలో సగం ఆకారమే కనిపిస్తుంది. ప్లాన్‌లో పూర్తి మెట్ల గది చూపించి అనుమతి తీసుకుని ఉంటే ఈ మార్పును మీ ఆర్కిటెక్టు చేత డ్రాయింగుల్లో సరిచేయించండి.

వీలైతే మెట్లు ఉత్తరం నుంచి దక్షిణానికి ఎక్కేలా చూడండి. అప్పుడు ఏటవాలు అద్దం ఉత్తరానికి తిరుగుతుంది. చలికాలంలో మధ్యాహ్నపు సూర్యుడు మనకు దక్షిణంగా ఉంటాడు కాబట్టి, అంత వాలున్న ఉత్తరపు అద్దానికి ఎండ బాగా ఏటవాలుగా తగులుతుంది. వెలుతురు వస్తుంది, మంట ఉండదు. వాస్తు చూసేవాళ్లు కూడా మెట్లు ఉత్తరం నుంచి దక్షిణానికో, తూర్పు నుంచి పడమరకో ఎక్కాలంటారు కాబట్టి ఇంట్లో వాదన తగ్గుతుంది. వేసవి మాత్రం వేరు. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికే వస్తాడు. ఆ రోజుల్లో ఏ దిక్కు అద్దమైనా ఒకటే, గాజు నాణ్యతే కాపాడాలి.

అందుకే కప్పంతా అద్దం చేయొద్దు. వెలుతురు కావాల్సిన చోటు విస్తీర్ణంలో నూటికి 3 నుంచి 5 వంతుల అద్దం పైకప్పులో ఉంటే మన ఎండకు సరిపోతుంది. మెట్లు, దాని పక్క హాలు కలిపి 300 చదరపు అడుగులైతే 9 నుంచి 15 చదరపు అడుగులు. 3 అడుగులకు 2.5 అడుగుల పలకలు రెండు వేయండి. ఒక్కోటి 28 కిలోలు. ఇద్దరు మనుషులు మోసుకెళ్లి బిగిస్తారు. పగిలితే ఒక్కటే మార్చుకోవచ్చు, క్రేను పిలవక్కర్లేదు. పలకలను ఏటవాలు కప్పు కింది సగంలో పెట్టిస్తే డాబా మీద నిలబడి చేత్తో తుడవొచ్చు.

వేడి తేడా అంకెల్లో చూడండి. నడి వేసవి మధ్యాహ్నం డాబా మీద పడే ఎండ చదరపు మీటరుకు సుమారు 900 వాట్లు. మామూలు తెల్ల గాజు అందులో నూటికి 80 వంతులు లోపలికి వదిలేస్తుంది. 3.2 చదరపు మీటర్ల మూతైతే 2,300 వాట్లు, అంటే ఒకటన్ను ఏసీ సామర్థ్యంలో సగానికి పైగా. ఎండను ఆపే లో-ఈ పూత ఉన్న రెండు పొరల గాజులో ఆ అంకె నూటికి 25 దగ్గరకు దిగుతుంది. పైగా మీ అద్దం చిన్నది, 300 వాట్లకు అటూ ఇటూగానే వస్తాయి. కొనేటప్పుడు ఎస్‌హెచ్‌జీసీ అనే విలువ అడగండి. ఎండ వేడిలో ఎంత వంతు గాజు దాటి లోపలికి వస్తుందో అది చెబుతుంది. 0.25 నుంచి 0.30 లోపు ఉన్నది తీసుకోండి. రంగు గాజు చూసి మోసపోవద్దు. అది వేడిని తనలో దాచుకుని మెల్లగా లోపలికే వదులుతుంది. లో-ఈ పూత బయటి పలకకు లోపలి ముఖం మీద ఉండాలి. పలకను తిరగేసి బిగిస్తే ఎండ తగ్గాల్సినంత తగ్గదు.

కాంట్రాక్టర్ చెప్పిన 12 మి.మీ. టఫెండ్ ఒక్కటే వేయడం తల మీద ఉండే అద్దానికి తప్పు. టఫెండ్ గ్లాస్ బలమైనదే, కానీ పగిలితే మొత్తం ఒకేసారి చిన్న ముక్కలై రాలిపోతుంది. కొన్ని ముక్కలు గడ్డకట్టినట్టు కలిసే పడతాయి. తయారీలో చిక్కుకున్న నికెల్ సల్ఫైడ్ కణం వల్ల, ఎవరూ ముట్టుకోకుండానే నెలల తర్వాత పగిలే అవకాశం కూడా ఉంది. ఫ్యాక్టరీలో హీట్ సోక్ పరీక్ష (పలకను వేడిలో ఉంచి, లోపమున్నది అక్కడే పగిలేలా చూడటం) చేయిస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. కాబట్టి మనిషి తలకు దగ్గరగా ఉండే లోపలి పలక ఎప్పుడూ లామినేటెడ్ అయి ఉండాలి. రెండు గాజుల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది, పగిలినా ముక్కలు దానికే అంటుకుంటాయి.

మీరు రాయించుకోవాల్సిన కూర్పు ఇది: బయట 6 మి.మీ. టఫెండ్, హీట్ సోక్ చేసినది, లో-ఈ పూతతో. మధ్యలో 12 మి.మీ. ఖాళీ. లోపల 5 మి.మీ. గాజు, 1.52 మి.మీ. పీవీబీ, మళ్లీ 5 మి.మీ. గాజు. లోపలి రెండూ పూర్తి టఫెండ్ కాకుండా హీట్ స్ట్రెంతెండ్ (టఫెండ్ కన్నా తక్కువగా గట్టిపరిచినవి) అయితే మేలు. రెండు టఫెండ్ పొరలూ ఒకేసారి పగిలితే లామినేటెడ్ పలక మెత్తబడి చట్రంలోంచి జారిపోవచ్చు. హీట్ స్ట్రెంతెండ్ పెద్ద ముక్కలుగా పగులుతుంది కాబట్టి మార్చేదాకా నిలబడుతుంది. టఫెండ్, లామినేటెడ్ గాజు మీద భద్రతా గాజు ప్రమాణమైన ఐఎస్ 2553 ముద్ర ఉందో లేదో చూసుకోండి. టఫెండ్ పలక మూలలో చెరగని గుర్తు ఉంటుంది. పాలీకార్బనేట్ షీటు చవకే, కానీ ఎండకు పసుపెక్కుతుంది, గీతలు పడుతుంది, వానకు డప్పులా మోగుతుంది. కారు షెడ్డుకు వాడుకోండి.

ఇప్పుడు కారడం సంగతి. ఇక్కడ ఓపికగా చదవండి, ఎందుకంటే అద్దం దగ్గర కారే నీళ్లలో చాలావరకు అద్దం తప్పు ఉండదు. అద్దం కూర్చునే గట్టు, ఆ గట్టు కప్పును కలిసే మూల, ఈ రెండే దోషులు. గట్టును ఇటుకతో కడితే ఇటుకకూ కాంక్రీటుకూ మధ్య అతుకు ఒకటి రెండు వేసవులకే వెంట్రుకంత విచ్చుకుంటుంది. అందుకని అద్దం చుట్టూ గట్టును, అలాగే డాబా నేల నుంచి లేచే తొలి అడుగు ఎత్తు గట్టును స్లాబుతో పాటే కాంక్రీటుతో పోయించండి. ఎత్తు కొలిచేది పచ్చి స్లాబు మీది నుంచి కాదు. దాని మీద వాలు కోసం వేసే పొర, వాటర్‌ప్రూఫింగ్, టైల్స్ కలిసి 3 నుంచి 4 అంగుళాలు తినేస్తాయి. అంతా పూర్తయ్యాక కనీసం 6, వీలైతే 8 అంగుళాల గట్టు మిగలాలి. అందుకే అడుగు అన్నాం. తలుపు గడప కింద కూడా ఇదే లెక్క. ఆఖరి మెట్టును గడప ఎత్తుకు తెచ్చి, బయటికి ఒక వెడల్పాటి రాతి మెట్టు దింపండి. లేదంటే అమ్మగారి కాలికి గడప తగులుతుంది.

గట్టు, కప్పు కలిసే మూలలో సిమెంటుతో గుండ్రంగా పూత వేయించి, వాటర్‌ప్రూఫింగ్ పొరను గట్టు మీదికి ఎక్కించి, పైఅంచు దాటించాలి. లంబకోణంలో వదిలేసిన మూలలో ఆ పొర మొదట చిరుగుతుంది. ఏటవాలు కప్పులో అద్దానికి పై వైపు గట్టు ఆనకట్టలా నీళ్లను ఆపేస్తుంది. అక్కడ మధ్యలో చిన్న గుబ్బలా సిమెంటు వాలు చేయించి నీళ్లు రెండు పక్కలకు విడిపోయేలా చూడండి. మేస్త్రీలు దీన్ని తరచూ మర్చిపోతారు, రెండో వానాకాలానికి చెమ్మ దిగేది అక్కడే.

అల్యూమినియం ఫ్రేమును గట్టు పైముఖం మీద కాకుండా పక్క ముఖానికి స్క్రూలతో బిగించాలి. పైన రంధ్రం చేస్తే వాటర్‌ప్రూఫింగ్‌కు చిల్లు పెట్టినట్టే. ఫ్రేము అంచు గట్టు మీదికి కనీసం 3 అంగుళాలు దిగాలి. కింది వైపు అద్దం అంచు దగ్గర పట్టీ ఉబ్బెత్తుగా ఉండకూడదు. ఉంటే అక్కడ నీళ్లు, దుమ్ము నిలిచి, లామినేటెడ్ అంచులోకి తేమ చేరి పాలలా తెల్లబడుతుంది. ఫ్రేములో ప్రతి రెండడుగులకు 6 నుంచి 8 మి.మీ. నీళ్లు పోయే రంధ్రాలుండాలి. అద్దం చుట్టూ వేసే రబ్బరు పట్టీ ఎండావానలకు తట్టుకునే ఈపీడీఎం రకం కావాలి. అతుకులు మూసే సిలికోన్ న్యూట్రల్ రకం కావాలి. వెనిగర్ వాసన వచ్చే సిలికోన్ కాంక్రీటుకు సరిగా పట్టదు, లామినేటెడ్ అంచును పాడుచేస్తుంది. స్క్రూలు, కీళ్లు మీ ఊళ్లో 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి చాలు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలోనైతే 316 స్టీలే వాడాలి.

పని వరుస తప్పొద్దు. స్లాబులో వదిలే ఖాళీ చుట్టూ అదనపు చువ్వలు, మూలల్లో ఏటవాలు చువ్వలు స్ట్రక్చరల్ ఇంజనీరు డ్రాయింగులో ఉండాలి. పగుళ్లు మూలల నుంచే మొదలవుతాయి. స్లాబు, గట్లు పోసి, నీళ్లు పట్టి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, డాబా మీద 48 గంటలు నీళ్లు నిలబెట్టి కింద చెమ్మ చూడండి. గట్టు పూత కూడా అయ్యాకే అద్దం కొలతలు తీసుకోండి. టఫెండ్ అయ్యాక గాజును కోయడం, రంధ్రం వేయడం కుదరదు. ఎదురెదురు మూలల కొలతలు రెండూ 5 మి.మీ. లోపు సరిపోవాలి, లేదంటే గట్టు మూలమట్టానికి లేదన్నమాట. సరిచేయించాకే ఆర్డరివ్వండి. బిగించాక పైపుతో నీళ్లు కొట్టించండి, కానీ కింది అతుకు నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి, ఒక్కో అతుకు దగ్గర పది నిమిషాలు. పై నుంచి కొడితే నీళ్లు అన్ని అతుకుల మీదా పారి, కారేది ఏదో తెలియదు.

కోతులు, దొంగల భయానికి ఈ పద్ధతిలో సులువైన విరుగుడుంది. అద్దం కదలదు కాబట్టి దాని కింద 4 అంగుళాల దూరంలో గట్టు లోపలి ముఖానికి 12 మి.మీ. చదరపు చువ్వల గ్రిల్ బిగించండి. తెరుచుకునే మూతకైతే ఇది పెట్టలేం. తలుపు పై భాగంలో దోమల జాలీతో చిన్న వెంటిలేటరు, దానికి చిన్న సజ్జ పెట్టించండి. వేడి గాలి పైకే చేరుతుంది కాబట్టి సాయంత్రం కింద కిటికీలు తెరిస్తే మెట్ల గుండా గాలి లాగుతుంది.

సింటెక్స్ ట్యాంకు పొంగు గొట్టం అద్దానికి దూరంగా దించండి. బోరు నీళ్లు అద్దం మీద ఆరితే తెల్లటి సున్నపు మరక పడుతుంది. అలాంటి మరకకు నీళ్లు కలిపిన వెనిగర్ వాడి వెంటనే కడగండి. బాత్రూం యాసిడ్ పోస్తే అల్యూమినియం, సిలికోన్ రెండూ పోతాయి.

ఇంత చెప్పినా మూతే కావాలనుకునే పాఠకులుంటారు. డాబాకు నెలకోసారి, అదీ ట్యాంకు చూడటానికే వెళ్లే ఇంట్లో, పెద్దవాళ్లకూ పిల్లలకూ పైన పని లేనప్పుడు 3 అడుగులకు 4 అడుగుల మూత, నిటారు మెట్లు సరిపోతాయి. మూత 5 డిగ్రీల వాలుతో ఉండాలి. అంటే అడుగుకు ఒక అంగుళం. కీళ్లు ఎత్తువైపు రావాలి. గ్యాస్ స్ప్రింగులు, కనీసం మూడు చోట్ల పట్టే తాళం, లోపలా బయటా పిడి, మోటారు ఉంటే చేత్తో విడిపించే ఏర్పాటు, రెండు వైపులా స్విచ్ ఉండాలి. గ్యాస్ స్ప్రింగులు ఎండకు బలం కోల్పోతాయి. ఎత్తిన మూత నెమ్మదిగా కిందికి జారుతోందంటే అదే రోజు మార్పించండి.

కొటేషన్ చదరపు అడుగు లెక్కన ఇస్తారు. అందులో గాజు కూర్పు మి.మీ.లతో సహా, ఎస్‌హెచ్‌జీసీ విలువ, ఫ్రేము, గ్రిల్, పైకి మోయించే ఖర్చు, నీళ్ల పరీక్ష, రెండు గాజుల మధ్య పొగమంచులా కమ్మితే ఎన్నేళ్ల వరకు మార్చిస్తారన్నదీ రాయించుకోండి. కారితే బాధ్యత గట్టు కట్టిన మేస్త్రీదా, అద్దం బిగించినవాళ్లదా అన్నది ముందే తేలాలి. వాటర్‌ప్రూఫింగ్ చేసినవాళ్లు, అద్దంవాళ్లు ఇద్దరూ నీళ్ల పరీక్షకు వచ్చి చూసి సంతకం చేశాకే చివరి వాయిదా ఇవ్వండి.